సీసానికి తరుగు

సీసానికి పురుగు పట్టదు. ఎలకలు కొరకవు. వానొస్తే మొలకెత్తదు. ఈ మూడు సంగతులూ నేను మూడు వేరువేరు కాగితాల మీద, మూడు వేరువేరు తేదీల్లో, సంతకం పెట్టి మరీ పైకి విన్నవించుకున్నాను. మూడింటికీ ఒకటే జవాబు: "పరిశీలనలో ఉన్నది." సీసం మొలకెత్తుతుందో లేదో అని అంతమంది పెద్దలు అంతకాలం పరిశీలించడం ఆషామాషీ వ్యవహారం కాదు, ఒప్పుకోవాలి.

నా పేరు పైడిశెట్టి సోమలింగం. రాళ్లమెట్ట పోలీసు శిక్షణ కేంద్రంలో స్టోర్ కీపర్ని. స్టోరంటే తుపాకులూ బూట్లూ అనుకునేరు. అవన్నీ వేరే ఆయన చూస్తాడు, అందరూ ఆయనకే నమస్కారాలు పెడతారు. నాది సీసం. కొత్తగా చేరిన పిల్లలు గురిచూసి కాల్చడం నేర్చుకోవాలంటే తూటాలు కావాలి కదా. ఆ తూటాలు మేమే ఇక్కడ పోతపోస్తాం. అందుకోసం నాలుగు టన్నుల సీసం దిమ్మెలు నా గదిలో పేర్చి ఉంటాయి. ఒక్కో దిమ్మె ఇటుకలో సగం ఉంటుంది, ఎత్తితే మాత్రం మోచెయ్యి ఊడొస్తుంది. మెత్త సీసం ఎడమవైపు, తగరం కలిసిన గట్టి సీసం కుడివైపు. రెండూ కలిపేస్తే తూటా పాడవుతుంది. తడి తగలనివ్వకూడదు. తడి దిమ్మెని మూకుడులో వేస్తే కరిగిన సీసం మొహం మీదకి ఎగురుతుంది. అంతే. పంతొమ్మిదేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న విద్య మొత్తం ఇదే.

నా గది గోడకి అవతల రేకుల షెడ్డు. అందులో బొడ్డు గవరయ్య, మా పోత మేస్త్రీ. బొగ్గుల పొయ్యి మీద మూకుడు పెట్టి, సీసం కరిగించి, పైన తేలిన తెట్టు గరిటెతో తీసేసి, అచ్చుల్లో పోస్తాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. షెడ్డుకి ఒక తలుపు, అర కిటికీ. పొయ్యి వెలిగిస్తే ఆ పొగ, ఆ తెట్టు తాలూకు దుమ్ము, గవరయ్య, ముగ్గురూ లోపలే. నాలుగేళ్లుగా అతనికి కడుపులో మెలితిప్పే నొప్పి. ఈమధ్య కుడి మణికట్టు వాలిపోయి గరిటె జారిపోతోంది.

"స్టోరుబాబూ, పొగ బయటికి లాగే ఫ్యానొకటి రాయండి బాబూ. ఒల్లు నిలబడట్లేదు," అని అడిగేవాడు పాపం.

రాశాను. మూడేళ్లు వరసగా రాశాను. వచ్చిన జవాబు నాకు కంఠతా వచ్చు. "గాలి సదుపాయము నిల్వ సరుకునకు మాత్రమే వర్తించును. సదరు షెడ్డు యందు నిల్వ సరుకు ఏదియు లేదు. మేస్త్రీ సరుకు కాడు. కావున కోరిక తిరస్కరించడమైనది."

అలా రోజులు గడుస్తుండగా మాకు కొత్త డైరెక్టరు గారొచ్చారు. తాడిమళ్ల చిదంబరరావు గారు. ఇరవై ఆరేళ్లు ధాన్యం గిడ్డంగుల్లో పనిచేసి, అక్కణ్ణుంచి పదోన్నతి మీద అన్ని రకాల నిల్వలకీ పెద్దగా వచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, గొంతు పెంచడు, టీ కూడా ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకుంటాడు. కాకపోతే ఆయన దృష్టిలో ప్రపంచంలో వస్తువులు రెండే రకాలు, బస్తాలోకి ఎక్కినవీ, ఇంకా ఎక్కాల్సినవీ. వచ్చిన నెల్లోపే "ఏకరూప నిల్వల నియమావళి" అని ఒక పుస్తకం అచ్చేయించారు. బియ్యమైనా, బూట్లైనా, సీసమైనా ఒకటే రూలు. నూట పన్నెండు పేజీలు. సీసం అనే మాట అందులో ఒక్కచోట కూడా లేదు.

మొదటి తనిఖీకి వచ్చినప్పుడు ఆయన చేతిలో బస్తాలో గుచ్చి గింజలు తీసే ఇనప గొట్టం ఉంది. అలవాటు ప్రాణం కదా, లోపలికొస్తూనే పైవరస దిమ్మెలో కస్సున గుచ్చారు. గొట్టం వంగిపోయింది.

"సరుకు బాగా బిగుసుకుపోయింది కీపర్," అన్నారు గంభీరంగా. "గాలి ఆడక."

"అది సీసం సార్."

"ఏ సరుకైనా కానీ. ఎలకల బోన్లేవి?"

"ఎలకలు సీసం తినవు సార్."

"తినవని ఎలకలు రాసిచ్చాయా?" అని ఒక దిమ్మె దగ్గరికి వంగి వాసన చూశారు. పాతబడ్డ సీసం మీద తెల్లగా పొడిలాంటిది పడుతుంది. దాన్ని వేలితో గీసి నా కళ్ల ముందు పెట్టారు. "మరి ఇదేమిటి? బూజు!"

ఆ వేలు కడుక్కోండి సార్ అని చెప్పబోయాను. ఆయన అప్పటికే దాన్ని రుమాలుతో తుడుచుకుని, నా రిజిస్టరు తెరిచి, ఒక్కసారిగా నిటారయ్యారు.

"కీపర్, ఇందులో తరుగు ఎక్కడ?"

"తరుగు లేదు సార్."

"లేదంటే?"

"తరగలేదు సార్. పోతకిచ్చింది పోగా, పెట్టింది పెట్టినట్టే ఉంది."

డైరెక్టరు గారు కుర్చీలో కూర్చున్నారు. ఆయన మొహంలో కోపం లేదు, బాధ ఉంది. "ఇరవై ఆరేళ్లలో తరగని సరుకు నేను చూడలేదయ్యా. సరుకన్నాక ఆరుతుంది, రాలుతుంది, ఎలకల పాలవుతుంది. నూటికి ఒకటిన్నర వంతు ఏటా తరగాలి. అది ప్రకృతి ధర్మం. తరగలేదంటే రెండే అర్థాలు. రికార్డు వండావు, లేదా సరుకు ఆరబెట్టలేదు. నీ మొహం చూస్తే వండేవాడిలా లేవు. ఆరబెట్టించు."

ఆరబెట్టించాను. నమ్మండి, నాలుగు టన్నుల సీసం కవాతు మైదానంలో టార్పాలిన్ల మీద పరిచాం. తుపాకీ పట్టుకోడానికి వచ్చిన నూట ఇరవై మంది పిల్లలు రెండు గంటలకోసారి దిమ్మెలు తిరగేశారు. ఒక పిల్ల పిట్టల్ని తోలడానికి కర్ర పట్టుకుని నిలబడింది, నియమావళి ఇరవై రెండో రూలు ప్రకారం. వారం రోజులు ఎండబెట్టి తూచాం. ఒక్క గ్రాము తరగలేదు. మెత్తదీ గట్టిదీ మాత్రం కలగాపులగమైపోయింది. గవరయ్య నాలుగు రోజులు నేలమీద కూర్చుని, ఒక్కో దిమ్మెనీ రాతి పలక మీద పడేసి, ఖంగుమంటే కుడివైపు, దబ్బుమంటే ఎడమవైపు విడదీశాడు. అయిదో రోజు కూర్చోలేక పడుకుని విన్నాడు.

నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. "ప్రభుత్వ సరుకును తరగనీయకుండా అడ్డుకొనుటకు గల కారణములు ఏడు దినములలో తెలుపవలెను." ఏం తెలుపుతాను? నా తల! అలాగే సరుకుకి గాలి ఆడటం కోసమని నా గదిలో రెండు పెద్ద ఫ్యాన్లు బిగించి వెళ్లారు. దిమ్మెలు హాయిగా గాలి పోసుకుంటుంటే గోడ అవతల గవరయ్య దగ్గుతూ ఉండేవాడు. మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని నా గదిలోకొచ్చి దిమ్మెల పక్కనే కూర్చుని తినేవాడు, ఫ్యాను గాలికోసం.

"ఇక్కడ తినకు గవరయ్యా, ఈ దుమ్ము మంచిది కాదు."

"అక్కడ మంచిదేటి బాబూ?" అనేవాడు.

ఒకరోజు పొయ్యి దగ్గరే మెలికలు తిరిగి పడిపోయాడు. నేనూ, ఇద్దరు పిల్లలూ కలిసి జీపులో వేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ డాక్టరు ఫర్హానా గారని, సన్నగా, చురుగ్గా ఉండే మనిషి. గవరయ్య నోరు తెరిపించి, చిగుళ్ల మీద నల్లగా గీసినట్టున్న చారని చూసి, "ఏం పని చేస్తాడితను?" అని అడిగింది. చెప్పాను. రక్తం తీయించింది. రెండు రోజులకి రిపోర్టు వచ్చింది. ఒంట్లో సీసం, ఉండకూడనంత సీసం.

"ఈ మనిషి ఇక ఆ షెడ్డులో కాలు పెట్టకూడదు," అంది. "మందు ఎక్కిస్తే ఆ సీసం మూత్రంలో కొంచెం కొంచెంగా బయటికొచ్చేస్తుంది. అయిదేసి రోజుల చొప్పున కొన్ని విడతలు పడుతుంది. ఆలస్యం చేస్తే చెయ్యి పడిపోతుంది, తర్వాత బుర్ర. మీ ఆఫీసు కాగితం తీసుకొచ్చి చేర్పించండి."

ఆ రిపోర్టు జతపరిచి, వైద్యానికి అనుమతి కోరుతూ, వేరే పనికి మార్చమని వేడుకుంటూ ఫైలు పెట్టాను. ఇన్నాళ్లకి గవరయ్య బతికి బయటపడతాడని నాకు నిజంగా ఆశ కలిగింది. డాక్టరమ్మ సంతకం ఉంది, గుండ్రటి సీలుంది. ఇంకేం కావాలి?

మర్నాడే డైరెక్టరు గారు పరుగులాంటి నడకతో వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"దొరికింది కీపర్! తరుగు దొరికింది!"

"ఎక్కడ సార్?"

"మేస్త్రీలో!" అని రిపోర్టు బల్ల మీద పరిచారు. "చూడు, సాక్షాత్తూ వైద్యాధికారి ధ్రువీకరించింది. మన సీసం అతని రక్తంలో ఉంది. సరుకు తరుగుతూనే ఉంది, నీకు కనపడలేదంతే. ప్రకృతి ధర్మం ఎక్కడికి పోతుంది?"

"సార్, అది మైక్రోగ్రాముల్లో ఉంది. చాలా చిన్న ఎత్తు సార్."

"చిన్నదైనా ప్రభుత్వానిదే."

నా మీది నోటీసు ఆ పూటే ఎత్తేశారు. సంతోషించడానికి మనసొప్పలేదు. సాయంత్రానికి ఉత్తర్వు దిగింది. "శ్రీ బొడ్డు గవరయ్య, పోత మేస్త్రీ, వీరి శరీరమందు ప్రభుత్వ సరుకు నిల్వయున్నట్లు నిర్ధారణయైనందున, వీరిని ఇందుమూలముగా ఏడవ నంబరు ఉప గిడ్డంగిగా గుర్తించడమైనది. ఏకరూప నియమావళి యావత్తు వీరికి వర్తించును."

వర్తించింది. మూడేళ్లు మనిషిగా అడిగితే రాని ఫ్యాను, గిడ్డంగి అయిన మూడో రోజున వచ్చింది. తీరా చూస్తే పొగని బయటికి లాగేది కాదు, సరుకు మీదికి గాలి కొట్టేది. షెడ్డులో ఉన్న పొగంతా గవరయ్య మొహానికి కొట్టింది. సోమవారం సోమవారం అతన్ని కాటా మీద నిలబెట్టి తూచారు. ఒక వారం అరకిలో పెరిగాడని విచారణ జరిగింది. పొద్దున్న చద్దన్నం తిని వచ్చాడని తేలింది. గిడ్డంగులకి మూడు నెలలకోసారి తలుపులు మూసి పురుగుల మందు పొగపెట్టాలి. మందు డబ్బాలు పట్టుకుని ఇద్దరు మనుషులు ఏడో నంబరు ఎక్కడ అని వెతుక్కుంటూ వస్తే, గవరయ్య నా బల్ల కింద దూరాడు. ఏడో నంబరు తనిఖీకి వెళ్లిందని అబద్ధం చెప్పి వాళ్లని పంపేశాను.

ఇక వైద్యం సంగతి. దాని మీద డైరెక్టరు గారు పచ్చసిరాతో రాశారు: "మందు ద్వారా సరుకును వెలికితీయుట అనగా, అనుమతి లేకుండా ప్రభుత్వ సరుకును ఆసుపత్రి మురుగు కాలువలోనికి తరలించుటయే. వీలుపడదు."

ఆ కాగితం పట్టుకెళ్లి డాక్టరు ఫర్హానా గారికి చూపిస్తే రెండుసార్లు చదివింది. "మీ ఆఫీసులో అందరూ సీసం తింటారా?" అని అడిగింది.

"లేదమ్మా. ఇతనొక్కడే."

"వారంలో మొదలుపెట్టకపోతే ఆ చెయ్యి నేను తేలేను. మీరేం చేస్తారో నాకు తెలీదు."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలీక, ఆ నూట పన్నెండు పేజీల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. పక్కన గవరయ్య ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. డెబ్బై నాలుగో పేజీలో ముప్ఫై ఒకటో రూలు కనపడింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"గవరయ్యా, నీ గురించి నాలుగు చెడ్డమాటలు రాస్తాను, ఏమీ అనుకోవు కదా?"

"రాసీండి బాబూ. మూడేల్లు మంచిమాటలే రాసినారు కదా."

రాశాను. "ఏడవ నంబరు ఉప గిడ్డంగి పాతబడినది. గోడలు నెమ్మెక్కినవి. కుడివైపు దూలము వాలినది. కప్పు కారుచున్నది. నిల్వకు ఎంతమాత్రమూ పనికిరాదు. రూలు 31 ప్రకారము అందలి సరుకును తక్షణమే ఖాళీ చేయించి, గాజు సీసాలలోనికి మార్పించుటకు అనుమతి వేడుచున్నాను."

గంటన్నరలో అనుమతి వచ్చింది! నా సర్వీసులో అంత వేగంగా కదిలిన కాగితం ఇంకోటి లేదు. పైగా అంచున డైరెక్టరు గారు స్వయంగా, "కీపరు ముందుచూపు ప్రశంసనీయం" అని రాశారు.

గవరయ్యని చేర్పించాం. ఆసుపత్రిలో అయిదు రోజులు మందు, కొన్నాళ్లు విరామం, మళ్లీ అయిదు రోజులు. పక్కన అతని భార్య సన్యాసమ్మ ఉండి చూసుకుంది. మా నుంచి ఒక పిల్లవాణ్ణి డ్యూటీ వేశారు, నింపిన సీసాలకి చీటీలు అంటించి రోజూ జీపులో స్టోరుకి తేవడానికి. అవి ఇప్పుడు నా గదిలో, గట్టి సీసం పక్కన, ఫ్యాను కింద ఉన్నాయి. వాటి వాసన గురించి నేను రాసిన కాగితం కూడా పైకి వెళ్లింది. రెండు నెలలకి గవరయ్య నొప్పి తగ్గింది. గ్లాసు కుడిచేత్తో పట్టుకున్నాడు. సన్యాసమ్మ ఆ చెయ్యి చూసి వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ మొహం అటు తిప్పుకున్నాను, అబద్ధమెందుకు.

అప్పుడొచ్చింది ఆ ఉత్తర్వు.

"ఏడవ నంబరు ఉప గిడ్డంగి పూర్తిగా ఖాళీ అయి, మరమ్మతులు జరిగి, నిల్వకు యోగ్యముగా నున్నట్లు వైద్యాధికారి నివేదిక వలన తెలియుచున్నది. ఖాళీ గిడ్డంగిని నిరుపయోగముగా ఉంచుట ప్రభుత్వ ధనము దుర్వినియోగము చేయుటయే. కావున సదరు గిడ్డంగిని సోమవారము నుండి యథాస్థానమున, అనగా పోత షెడ్డు నందు నెలకొల్పి, తిరిగి నింపవలెను."

చదివి అలాగే కూర్చుండిపోయాను. అతన్ని గిడ్డంగి అన్నది వాళ్లే కావచ్చు, కానీ కారుతోంది, ఖాళీ చెయ్యండి అని రాసింది నేను. నా చేతి రాతే. ఖాళీ అయిందని వాళ్లు మళ్లీ నింపుతారని నాకు తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కాగితం జేబులో పెట్టుకుని గవరయ్య ఇంటికెళ్లి, అరుగు మీద కూర్చుని, తలొంచుకుని చదివి వినిపించాను.

"మల్లీ నింపుతారా బాబూ?" అన్నాడు గవరయ్య.

సన్యాసమ్మ నా చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి బొడ్లో దోపుకుంది. ఆవిడకి చదువు రాదు. కానీ మొత్తం విన్నది.

సోమవారం పది గంటలకి డైరెక్టరు గారు ఏడో నంబరు పునఃప్రారంభానికి వచ్చారు. కొబ్బరికాయ కూడా తెప్పించారు. షెడ్డు ముందు సన్యాసమ్మ నిలబడి ఉంది. వెనకాల గవరయ్య.

"ఎవరమ్మా నువ్వు?"

"ఈ గిడ్డంగి తాలూకు మనిసినయ్యా."

"పక్కకి తప్పుకో. సరుకు దించాలి."

"ఎలాగ దించుతారు? తాళమేసుంది."

డైరెక్టరు గారు గవరయ్య వైపు ఎగాదిగా చూశారు. "తాళమా? ఎవరు వేశారు?"

"నానే యేశాను. ఇరవయ్యారేళ్లయింది యేసి. తాళంచెవి నా కాడే ఉంది. ఇవ్వను."

"ఇది ప్రభుత్వ గిడ్డంగి అమ్మా!"

"ఏ సర్కారు కట్టింది? సెప్పు బాబూ! సిమెంటెవరేశారు? రోగమొస్తే కాపలా ఎవరున్నారు? గెంజి కాసి, కాళ్లు పిసికి నిలబెట్టుకున్నదాన్ని నాను. మీ సరుకు మీ సీసాల్లో ఒట్టుకెల్లిపోనారు కదా. ఇంక దీన్తోటి మీకేటి పని?"

ఇంకో ఆఫీసరైతే కేకలేసేవాడు. చిదంబరరావు గారు రూలు మనిషి. జేబులోంచి నియమావళి తీసి, అక్కడే నిలబడి పేజీలు తిప్పారు. నలభై నాలుగో రూలు: "తాళంచెవి అప్పగించబడని గిడ్డంగియందు ఎట్టి పరిస్థితులలోను సరుకు దించరాదు. సదరు గిడ్డంగిని జాబితా నుండి తొలగించనూ రాదు." ఆయన రాసిన రూలే. రెండుసార్లు చదివారు, కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి చదివారు.

"డూప్లికేట్ చెవి?" అన్నారు, ఆశగా.

"ఒకటే సేయించుకున్నానయ్యా," అంది సన్యాసమ్మ. మొగుడి చెయ్యి పట్టుకుని, అందరి మధ్యలోంచి ఇంటికి నడిచింది. జాబితాలోంచి తొలగించకూడదు గనక గవరయ్య ఇప్పటికీ మా ఉద్యోగే, తాళం వేసి ఉన్న గిడ్డంగిగా ఇంట్లో మంచం మీద హాయిగా ఉంటాడు. ఆ క్షణాన ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

పొయ్యి దగ్గర మనిషి లేడు. తూటాలు ఆగిపోయి రెండు నెలలు దాటింది. కొబ్బరికాయ ఇంకా బంట్రోతు చేతిలోనే ఉంది. డైరెక్టరు గారు ఖాళీ షెడ్డుని చూశారు, దిమ్మెల్ని చూశారు. తర్వాత మెల్లిగా నా వైపు తిరిగి, పైనుంచి కిందిదాకా, గోడలూ కప్పూ చూసినట్టు చూశారు. నా భుజం మీద వేలితో రెండుసార్లు కొట్టి, చెవి ఒగ్గి విన్నారు.

"కీపర్," అన్నారు. "నీ తాళంచెవి ఎవరి దగ్గరుందోయ్?"

మా ఆవిడ నాతో దెబ్బలాడి పుట్టింటికెళ్లి అప్పటికి పదకొండు రోజులు. ఆ మాట పైకి అనలేదు. బల్ల దగ్గరికెళ్లి సెలవు చీటీ రాసి, పదిన్నర బస్సు అందుకోడానికి పరిగెత్తాను. ఆవిడ ఏమన్నా సరే, గడప ముందు గుంజీళ్లు తీయమన్నా సరే, వెంటబెట్టుకునే రావాలి. చీటీలో కారణం అన్నచోట ఇలా రాశాను: "తాళంచెవి బతిమాలి తెచ్చుకొనుటకు."